డ్రాయింగ్ సారు పెట్టిన దస్కత్

డ్రాయింగ్ సారు పోయారన్న సంగతి నాకు మా కాలేజీ అటెండర్ చెప్పాడు. సోమవారం పొద్దున కంప్యూటర్ ల్యాబు తాళం తీస్తున్నాను. "సార్, మన పాత డ్రాయింగ్ సారు నిన్న సాయంత్రం పోయిండట. చర్చి గంట గందుకే కొట్టిండ్రు" అన్నాడు. "ఎవరు చెప్పిండ్రు నీకు? సరిగ్గ తెల్సుకొని మాట్లాడు" అని అతని మీద అరిచాను. పాపం, అతనేం చేశాడు! కబురు తెచ్చినవాడి మీద పడటం నా పాడు బుద్ధి. అతను నొచ్చుకోకుండా, "మధ్యాన్నం మట్టి జేస్తరట సార్, మీరు పోవాలె గద" అన్నాడు.

వెళ్ళాను. పాస్టరుగారు వాక్యం చదువుతుంటే అందరికంటే వెనక నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళకు పైగా నిజామాబాద్ పాలిటెక్నిక్ పిల్లలకు మెషిన్ డ్రాయింగ్ నేర్పిన మనిషి. ఆయన దగ్గర గీత నేర్చుకున్నవాళ్ళు ఈ జిల్లాలో ఏ వర్క్‌షాపులో చూసినా ఉంటారు. ఆ మధ్యాహ్నం సమాధుల తోటకు వచ్చిన పాత విద్యార్థులు పదిహేను మంది కూడా లేరు. కాలేజీ నుంచి ఒక దండ వచ్చింది, అది కూడా అటెండర్ చేత పంపారు.

పాత విద్యార్థుల సంచికకు సారు గురించి రెండు పేజీలు రాయమని అడిగారు. "మంచి మాటలు రాయండి సార్" అన్నాడు సంచిక చూసే అబ్బాయి. రాస్తాను, మంచి మాటలకు కొదువ లేదు. కానీ వాటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. బోధన్ దిక్కున ఆయన గురించి ఆరేళ్ళుగా ఒక మాట తిరుగుతోంది. ముసలాయనకు కంప్యూటర్ రాక, తప్పు డ్రాయింగ్ ఇచ్చి, ఒక ఫిట్టర్ కాలు తీశాడని. అది అబద్ధం. ఆ డ్రాయింగ్ గీసింది నేను, తప్పు నాది. ఆయన చేసిందల్లా నన్ను నమ్మి దాని కింద దస్కత్ పెట్టడం.

ఇది చదివి మీరు నన్ను ఏమనుకున్నా సరే. ఇక మొదటి నుంచి చెబుతాను.

నేను పాలిటెక్నిక్‌లో విద్యార్థిగా చేరింది ఎనభైల్లో. మాది ఎడపల్లి అవతల నిజాంసాగర్ కాలువ కింద చెరుకు పండే ఊరు. చెరుకు నరికే రోజుల్లో కాలేజీకి సెలవు పెట్టి బాపుతో మడిలో దిగేవాణ్ణి. చెరుకు ఆకు అంచు ఎట్లా కోస్తుందో మా దిక్కు వాళ్ళకు చెప్పక్కర్లేదు. అట్లా కోసుకున్న వేళ్ళతోనే ఒకరోజు డ్రాయింగ్ క్లాసులో కూర్చున్నాను. బేరింగు బొమ్మ సగం అయిందో లేదో షీటు మీద రక్తం చుక్క పడింది. కంగారుపడి చేత్తో తుడవబోయాను.

"ఆగు! తుడ్సినవంటే షీటంత కరాబైతది" అని సారు పరుగున వచ్చారు. "ఆరనియ్. ఆరినంక బ్లేడుతోని గీకి తీద్దాం." అప్పటికి గానీ నా చేతులు చూడలేదు. చూశాక, "చెరుకు గొట్టొచ్చినవా?" అన్నారు.

"ఔ సార్."

"మా నాయినగూడ కూలికి పోయి గొట్టిండురా. పో, చేతులు కడుక్కొని రా. గీత ఏడికీ పోదు." ఆ మరక ఆయనే బ్లేడుతో గీకి తీశారు. కాగితం చిరగలేదు, వెనక వెలుతురు పెట్టి చూస్తే తప్ప తెలియలేదు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన నాలుక కొస పళ్ళ మధ్య బయటికి వచ్చి ఉంది. పని మీద ఉంటే ఆయనకు అది అలవాటు. వెనక బెంచీల వాళ్ళు దాన్ని అనుకరిస్తే చూసి, "నాలుక సంగతి తర్వాత, ముందుగాల గీత నేర్సుకోండ్రి కొడుకుల్లారా" అనేవారు.

ఆయన కోపిష్టి కాదు, కానీ సోమరితనాన్ని అసలు సహించేవారు కాదు. షీటు వేసుకొచ్చి, కొలత తప్పి, "మళ్ళ గీస్త సార్" అంటే ఒక మాట అనేవారు. ఆ మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "కాయిదం మీద తప్పు రబ్బరుతోని పోతది. ఇనుము మీద తప్పు మనిషిని తీస్కపోతది." మేము దాన్ని పరీక్షల ముందు ఒకరికొకరం ఆయన గొంతుతో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. నవ్వే వయసు అది.

శనివారం మధ్యాహ్నాలు ఆయన సైకిలు మీద బోధన్ రోడ్డుకు పోయేవారు. అక్కడ లింబాద్రి అనే కమ్మరి కొలిమి ఉండేది. చెరుకు గానుగలకు, బెల్లం బట్టీలకు, చిన్న మిల్లులకు కావలసిన ఇనుప సామానంతా లింబాద్రి చేతిలో తయారయ్యేది. అతనికి అంకెలు రావు. అందుకని సారు అతని కోసం ఒక పద్ధతి పెట్టుకున్నారు. చేయవలసిన వస్తువును కాగితం మీద ఉన్నది ఉన్నంత సైజులో గీసి ఇచ్చేవారు. లింబాద్రి ఆ కాగితాన్ని మైదా జిగురుతో రేకు మీద అతికించి, గీత వెంట కత్తిరించి అచ్చు చేసుకునేవాడు. కాలిన ఇనుమును కొడుతూ, మధ్యమధ్య ఆ రేకు పక్కన పెట్టి చూసుకుంటూ దింపేవాడు.

"లింబాద్రికి అంకెలు రావు గని గీత వస్తది. మీకు అంకెలొస్తయి, గీత రాదు. ఇద్దర్ల ఎవలు ఇంజినీరో మీరే చెప్పుండ్రి" అని సారు మమ్మల్ని ఎగతాళి చేసేవారు.

ఆయనకు ఒక నియమం ఉండేది. బొమ్మ ఎవరు గీసినా, కింద 'సరిచూసినవారు' అన్న గడిలో దస్కత్ పెట్టే ముందు తన స్టీలు స్కేలు తీసి, కాగితం మీద ప్రతి కొలతా తానే పెట్టి చూసేవారు. తాను గీసినదానికి కూడా. రెండోసారి, మూడోసారి. మాకు విసుగొచ్చేది. బయట టీ చల్లారిపోతున్నా స్కేలు కదిపేవారు కాదు.

చదువైపోయాక నేను హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపులో చేరి, అక్కడే కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నేర్చుకున్నాను. తొంభైల చివర మా పాలిటెక్నిక్‌కు కంప్యూటర్లు వచ్చినప్పుడు, నేర్పేవాళ్ళు కావాలంటే సారే నా పేరు చెప్పారు. కాంట్రాక్టు మీద లెక్చరర్‌గా వచ్చాను. "మా శిష్యుడు. ఇగ నాకే పాఠం చెప్తడు" అని స్టాఫ్ రూంలో అందరికీ చూపించుకుని మురిసిపోయారు. అప్పటికి ఆయన రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుంది. నేర్చుకోకపోతే అడిగేవాళ్ళెవరూ లేరు. అయినా రోజూ చెప్పులు బయట విడిచి, మొదటి సంవత్సరం పిల్లల పక్కన కూర్చునేవారు.

నేను ఆయనకు ఎట్లా నేర్పాను? చెప్పుకోవడానికి సిగ్గవుతోంది. ఆయన నాకు బ్లేడుతో మరక తీసినంత ఓపికగా మాత్రం నేర్పలేదు. ఆయన మౌసు పట్టుకుంటే బాణం గుర్తు ఎక్కడికో పారిపోయేది. "గట్ల గాదు సార్, జరుగుండ్రి" అని మౌసు లాక్కుని నేనే చేసేసేవాణ్ణి. పిల్లలు చూస్తుండగానే. అప్పుడు నాకు ముప్ఫై దాటింది, అన్నీ నాకే తెలుసన్న పొగరు.

ఒకరోజు ఆయన జేబులోంచి స్కేలు తీసి కంప్యూటర్ తెర మీద పెట్టి కొలిచారు. పిల్లలు పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. గీ అద్దం మీద ఆరు ఇంచులుంది. పక్కన పన్నెండు అని రాసిండు. నేనెవల్ని నమ్మాలె?" అన్నారు. మంచి ప్రశ్న అది. నేను జవాబు చెప్పలేదు. తర్వాత వారం మొదటిసారి ప్రింటు తీశాం. అలవాటు కొద్దీ ఆయన దాని మీద స్కేలు పెట్టబోయారు.

"సార్, కంప్యూటర్ గీసినదానికి స్కేలు పెడ్తే బయట నవ్వుతరు. అది మనిషి చెయ్యి గాదు గద, తప్పు పోనీకి" అన్నాను.

క్లాసు క్లాసంతా నవ్వింది. ఈసారి ఆయన నవ్వలేదు. "సరే తియ్" అని స్కేలు జేబులో పెట్టుకున్నారు. ఆ ఒక్క నవ్వు కోసం నేనన్న మాట ఈ రోజుకీ నా చెవుల్లోనే ఉంది.

కొన్నాళ్ళకు బోధన్ దగ్గరి ఒక చిన్న చక్కెర మిల్లు వాళ్ళు సారు దగ్గరికి వచ్చారు. చెరుకు ఆడే రోజులైపోయాక, చెరుకు పిండే ఇనుప రోలర్లను గొలుసు వేసి పైకెత్తి బాగు చేసుకుంటారు. వాటిని ఎత్తే కొక్కెం అరిగిపోయింది, కొత్తది కావాలి. లెక్క వేసి సైజు ఎంతుండాలో సారు నిర్ణయించారు. అడుగు పొడవు, మెడ దగ్గర ఇంత మందం అని చిత్తు కాగితం మీద రాసి నాకిచ్చి, "కంప్యూటర్ల నువ్వు గియ్. లింబాద్రికి ఇయ్యాలె, ఉన్నంత సైజుల రావాలె, యాది పెట్టుకో" అన్నారు.

గీశాను. బొమ్మ చక్కగా వచ్చింది. తెర మీద చూసి నాకే ముచ్చటేసింది. అయితే పెద్ద కాగితం పట్టే ప్రింటర్ ఆ వారం పాడై ఉంది. చిన్న కాగితం మీద తీశాను. బొమ్మ కాగితం కంటే పెద్దదైతే ప్రింటర్ దాన్ని పట్టేంతకు కుదించేస్తుంది. పక్కన రాసిన అంకెలను మాత్రం మార్చదు. అడుగు కొక్కెం ఎనిమిదిన్నర అంగుళాలకు దిగింది, పక్కన అడుగు అనే రాసి ఉంది. ఇది తెలియనివాణ్ణి కాదు నేను. పిల్లలకు నేనే చెప్పిన పాఠం. ఆ మధ్యాహ్నం ఊరికి పోయే బస్సు అందుకోవాలన్న తొందరలో చూసుకోలేదు.

సారు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి జేబు దాకా పోయింది. నా మొహం చూసి అక్కడే ఆగింది.

"స్కేలు పెట్టి సూసినవా?" అన్నారు.

"సూసిన సార్."

చూడలేదు. ఎందుకన్నానో తెలియదు. తెలియకపోవడమేమిటి, బస్సు కోసం అన్నాను. ఆయన కలం తీసి దస్కత్ పెట్టారు. నాకు తెలిసి కొలవకుండా ఆయన పెట్టిన దస్కత్ అదొక్కటే.

ఆ బస్సు దారిలోనే కొలిమి దగ్గర దిగి లింబాద్రికి కాగితం ఇచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎత్తేది రోలరంటున్నరు. జర సన్నగ కనబడ్తుంది గదా సారూ?" అన్నాడు.

"కంప్యూటర్ లెక్క లింబాద్రన్నా, తప్పుండది" అని మళ్ళీ బస్సెక్కాను.

ఆ కొక్కెంతో రెండు రోలర్లు ఎత్తారు. మూడోది ఎత్తేటప్పుడు అది సాగి నోరు తెరిచింది. రోలరు కింద ఫిట్టర్ గంగారాం ఉన్నాడు. కుడికాలు తొడ దాకా నుజ్జయిందట. నిజామాబాద్ తీసుకొచ్చేసరికి కాలు తీసేయడం తప్ప డాక్టర్లు చేయగలిగింది లేకపోయింది. అతనికప్పుడు నా వయసే.

మర్నాడు సారు మిల్లుకు పోయి ఆ సాగిన కొక్కెం గోనెసంచిలో వేసుకుని సైకిలుకు కట్టుకొచ్చారు. దారిలో లింబాద్రిని కూడా కలిసినట్టున్నారు. ల్యాబులో నేనొక్కణ్ణే ఉన్నాను. లింబాద్రి నా ప్రింటు అతికించుకున్న అచ్చు రేకును నా బల్ల మీద ఉంచి, దాని మీద స్కేలు పెట్టారు. ఎనిమిదిన్నర. నేను చూశాను, ఆయన నన్ను చూశారు.

"సూసిన అన్నవ్ గదరా" అన్నారు.

అరిస్తే బాగుండేది. కొడితే ఇంకా బాగుండేది.  ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నెమ్మదిగా అన్నారు. "దస్కత్ నాది. కాలేజోళ్ళకు నేను చెప్పుకుంట, అది నా పని. గంగారాంకు నువ్వు చెప్పు. పోయి, మంచం కాడ కూసోని, గిట్ల అయిందన్నా, సూడలే, సూసిన అని అబద్ధం చెప్పిన అను. వాడు తిట్టినా కొట్టినా పడు. కాలు పోయినోనికి ఎవలతోని పోయిందో తెల్వాలె. గంతే."

"పోత సార్" అన్నాను.

ప్రిన్సిపాల్ గదిలో విచారణ జరిగింది. నా కాంట్రాక్టు పొడిగించే కాగితం అదే బల్ల మీద, సంతకం కోసం ఫైల్లో ఉంది. "గీసింది ఎవరు?" అని ప్రిన్సిపాల్ అడిగారు. నేను నోరు తెరిచేలోపే సారు అందుకున్నారు. "గీసింది ఎవలైతేంది సార్, సరిచూసిన కాడ దస్కత్ నాది. కొలవకుండ పెట్టిన. నాదే తప్పు." ప్రిన్సిపాల్ నా వైపు చూశారు. నేను నేల చూశాను. నోరు తెరిచేలోపే అన్నాను కదా, అది కూడా పూర్తి నిజం కాదు. తెరవడానికి నాకు కావలసినంత టైము ఉంది.

సారును డ్రాయింగ్ సెక్షన్ నుంచి తప్పించి స్టోర్ రూం అప్పగించారు. చివరి రెండేళ్ళు ఆయన నట్లు, బోల్టులు, చీపుర్లు రాసుకుంటూ గడిపారు. రిటైరైన రోజున సభ లేదు, శాలువా లేదు. సాయంత్రం ఐదింటికి స్టోరు తాళాలు ఆఫీసులో ఇచ్చి సైకిలెక్కి వెళ్ళిపోయారు. నేను మేడ మీద కిటికీలోంచి చూశాను. దిగి వెళ్ళలేదు. ఆ ఏడే నా ఉద్యోగం పర్మినెంటయింది.

గంగారాం దగ్గరికి పోలేదా అని అడుగుతారు. మూడుసార్లు బోధన్ బస్సెక్కాను. మూడుసార్లూ బస్టాండులో దిగి, ఛాయ్ తాగి, ఎదురు బస్సులో వెనక్కి వచ్చాను. రెండోసారి ఆ ఛాయ్ హోటల్లోనే పక్క బల్ల వాళ్ళు, "ఆ ముసలాయనకు కంప్యూటర్ రాదట భాయ్, ఊకె దస్కత్ గొట్టిండట" అని చెప్పుకుంటుంటే విన్నాను. విని కూడా ఛాయ్ పూర్తిగా తాగాను. వాళ్ళకెట్లా తెలుస్తుంది, నాకు తెలుసు కదా. తూ నా బతుకు.

ల్యాబు గోడ మీద ఒక బోర్డు పెట్టించాను. ప్రింటు మీద స్కేలు పెట్టి చూడందే సంతకం చేయరాదని. పిల్లలు దాన్ని నా రూలు అంటారు. ఎంత జాగ్రత్తగల సారు అని నన్ను మెచ్చుకుంటారు. ఆరేళ్ళు ఆ మెప్పు తిన్నాను. సారు ఇల్లున్న వీధి వదిలేసి చుట్టూ తిరిగి కాలేజీకి వెళ్ళేవాణ్ణి.

మట్టి చేసిన మూడో రోజు ప్రార్థన కూటం అయ్యాక, జనం వెళ్ళిపోయాక, సారు భార్య ముందు కూర్చున్నాను. చర్చి బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పిన మనిషి, మేమంతా టీచరమ్మ అంటాం. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె అంతా విని, కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకున్నారు.

"నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా, నాకు మొదటి దినమే ఎర్క" అన్నారు. "నీకో సంగతి ఎర్కలేదు. మీ సారు ప్రతి ఆయితారం చర్చి నుంచి వచ్చినంక బట్టలు మార్చుకోకపోయేది. గట్లనే వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసునేది. ఏంది అంటే, వాడొస్తడు, గంగారాం కాడికి పోయొచ్చిన సార్ అని చెప్తడు, గప్పుడు నేను లుంగీ మీద ఉంటే బాగుండదు అనేది. బువ్వ సల్లారిపోయేది. ఆరేండ్లు గట్లనే. పోయిన ఆయితారం గూడ కూసున్నడు."

నేను ఆమె కాళ్ళ మీద పడబోయాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. "నాకు గాదు. ఆయన ఎవలకు చెప్పుమన్నడో ఆళ్ళకు చెప్పు. పో" అన్నారు.

మర్నాడే బోధన్ పోయాను. ఈసారి బస్టాండులో ఛాయ్ తాగలేదు. గంగారాం ఇంటి ముందు గోనెపట్టా మీద కూర్చుని సైకిలు ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి పంక్చర్ వెతుకుతున్నాడు. పక్కన రెండు చంక కర్రలు. నేనెవరో చెప్పాను. ఎదురుగా నేల మీద కూర్చుని, సారు ఆ రోజు ఏమేం చెప్పమన్నారో అన్నీ చెప్పాను. సన్నగా ఉందన్న లింబాద్రి మాట కూడా దాచలేదు. చివరికి సారు చనిపోయారని చెప్పాను.

గంగారాం ట్యూబు వదిలేశాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను. అతను నన్ను చూడనే లేదు.

"మూడుసార్లొచ్చిండు ఆయన" అన్నాడు. "మొదటిసారి తలుపు పెట్టుకున్న. రెండోసారి నోటికొచ్చినట్టు తిట్టిన. మూడోసారి బోళ్ళు కడిగిన ఎంగిలి నీళ్ళు ఆయన మీద గుమ్మరిచ్చిన. తెల్ల అంగి. తుడ్సుకొని, నీకు కోపముండాలె గంగారాం, ఉండాలె, అని పోయిండు. నీ పేరు చెప్పలే. ఒక్కపారి గూడ చెప్పలే."

"అన్నా..." అన్నాను.

"అన్న అనకు. బతికుండంగ చెప్పినా సరిపోతుండె గదనయ్యా! వారం ముందుగాల చెప్పినా పోయి కాళ్ళు పట్టుకుందును. సచ్చినంక చెప్తున్నవ్. నా కాలు తీస్కపోయినవ్, పోనియ్, ఇనుము పని గట్లనే ఉంటది. గిదెందుకు తీస్కపోయినవ్? ఆయన మీద పోసిన నీళ్ళు నేనిప్పుడెట్ల వాపస్ తీస్కోవాలె?"

 

అతను కర్రలు అందుకుని లేచాడు. "యాడ పెట్టిండ్రు? తోల్కపో" అన్నాడు. లేపడానికి చెయ్యి ఇవ్వబోతే వద్దని తల ఊపాడు. బస్సెక్కేటప్పుడు కండక్టర్ రెక్క పట్టుకుంటే పట్టనిచ్చాడు గానీ నన్ను ముట్టనివ్వలేదు. ముందు సీట్లో అతను, వెనక నేను.  చెరుకు బండ్లు ఎదురైన ప్రతిసారీ బస్సు ఆగేది, అతను బయటికి చూస్తూ ఉండేవాడు.

సమాధుల తోట గేటు దగ్గర, "ఏది?" అన్నాడు. చివరి వరసలో వేప చెట్టు అవతల కొత్త మట్టి చూపించాను. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నువ్వు రాకు" అన్నాడు.

గేటు దగ్గరే నిలబడ్డాను. ఇంకా రాయి పెట్టలేదు. దండలు ఎండిపోయాయి. ముందురోజు పడిన వానకు ఒక పక్క మట్టి కుంగింది. గంగారాం అక్కడి దాకా వెళ్ళి, కర్రలు రెండూ కింద పడేసి, ఒక్క కాలు మీద ఊగి నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ మట్టి మీద పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. అంత దూరానికి నాకు ఒక్క ముక్క వినపడలేదు. కొంచెంసేపు మాట్లాడి ఆగేవాడు. జవాబు వస్తుందేమోనన్నట్టు చెవి మట్టికి ఆనించేవాడు. మళ్ళీ మొదలుపెట్టేవాడు. చాలాసేపు మాట్లాడాడు. తర్వాత చేతుల మీద దేకుతూ కుంగిన పక్కకు జరిగి, పిడికిళ్ళతో మట్టి తెచ్చి పోసి, అరచేత్తో మెల్లగా చదును చేస్తూ కూర్చున్నాడు.